ఖజానాలో కరువు, ట్యాంకు నీళ్లలో కోత



వానాకాలం వచ్చిందంటే మన పిల్లల వార్డులో మంచాలు చాలవు. ఏటా ఈ సమయానికి ఈ పత్రికలో ఒకే మాట రాస్తుంటాం. నీళ్లు కాచి చల్లార్చి తాగండి, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ కలిపి తాగించండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి అని. ఆ మాటలు పాతబడలేదు, ఇప్పుడూ పాటించాల్సినవే. కానీ ఇన్నేళ్లు ఊళ్ల వెంట తిరిగిన నర్సుగా నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మేము చెప్పే జాగ్రత్తల్లో సగం ఇల్లాలి చేతిలో ఉన్నాయి. మిగతా సగం పంచాయతీ ఖాతాలో ఉన్నాయి. ఆ ఖాతా గురించి ఆరోగ్య పత్రికలో ఎవరూ రాయరు. ఈసారి నేను రాస్తున్నాను. రాజకీయం అనుకోకుండా చివరిదాకా చదవండి.

2024 వానల్లో ఒక తల్లి రెండేళ్ల పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల కళ్లు లోతుకు పోయాయి, పొట్ట మీద చర్మం లాగి వదిలితే ముడత అలాగే నిలిచింది. సెలైన్ ఎక్కించాం, పిల్ల బతికింది. మూడో రోజు ఆ తల్లి కాస్త తెరిపిన పడ్డాక అడిగాను.

"ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?"

"ట్యాంకు నీళ్లే సిస్టరమ్మా."

"అందులో బ్లీచింగ్ వేస్తున్నారా?"

"ఎప్పుడేశారో మరి. ఏసే అబ్బాయికి జీతం రాక మిరప తోటల్లోకి కూలికి పోతున్నాడు. ఆయన్ని మాత్రం ఏమనుకుంటాం, ఆయనకీ పిల్లలున్నారు గదా."

ఊరి పేరు రాయను. మన చుట్టుపక్కల ఊరే. ఆ వారంలో అదే వాడ నుంచి ఇంకో నలుగురు పిల్లలు చేరారు. అందరి కేసు షీట్ల మీద ఒకే జబ్బు పేరు రాశాం. జీతం రాని పంపు ఆపరేటరు సంగతి రాయడానికి కేసు షీటులో గడి లేదు.

ఆ బ్లీచింగ్ పౌడరుకు ఎంత ఖర్చవుతుందో ఒకసారి లెక్క వేద్దాం. మామూలు నీళ్లయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలని మాకు చదువులో నేర్పారు. లక్ష లీటర్ల ట్యాంకుకు పావు కిలో. అంటే 25 కిలోల బస్తా ఒకటి తెస్తే ఆ ట్యాంకు నూరు సార్లు నింపవచ్చు. బస్తా మూతి కట్టి, తడి తగలకుండా, ఎండ పడకుండా పెట్టాలి, లేకపోతే అందులోని క్లోరిన్ గాలిలో కలిసిపోయి ఉత్త సున్నం మిగులుతుంది. వేసిన అరగంట, గంట తర్వాత చివరి ఇంటి కుళాయి దగ్గర పరీక్ష చేస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలి ఉండాలి. ఇంతే విద్య. ఒక పిల్లను మూడు రోజులు వార్డులో పెట్టి సెలైన్ ఎక్కించే ఖర్చుతో ఇలాంటి బస్తాలు ఎన్ని వస్తాయో మీరే ఊహించుకోండి. అయినా డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు ముందు ఆగేది ఆ బస్తానే.

ఎందుకు ఆగుతుంది? పైన ఖజానాలో డబ్బు తగ్గితే కోత అందరికీ ఒకేలా పడదు. 2023 డిసెంబరు 20న తెలంగాణ ప్రభుత్వం శాసనసభలో రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టింది. ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క చూపిన మొత్తం అప్పు 6,71,757 కోట్ల రూపాయలు. తర్వాత 2025లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నెలకు సుమారు 18,500 కోట్ల రాబడి వస్తుంటే అందులో దాదాపు మూడో వంతు జీతాలు, పింఛన్లకు, ఇంకో మూడో వంతు అప్పుల కిస్తీలకు పోతోందని చెప్పారు. ఈ లెక్కల మీద పార్టీల వాదనలు పార్టీలకు ఉన్నాయి, వాటిలోకి నేను పోను. ఎవరి పాలనలో అప్పు పెరిగిందన్నది వార్డులో పడుకున్న పిల్లకు అనవసరం.

అప్పు కిస్తీ ఆపితే బ్యాంకు ఊరుకోదు. జీతాలు ఆపితే ఉద్యోగులు రోడ్డెక్కుతారు. పింఛను ఆగితే ముసలివాళ్లు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటారు. మరి పంచాయతీ చెక్కు ట్రెజరీలో ఆగితే? చెత్త ట్రాక్టరు డీజిలు లేక నిలబడుతుంది. సైడు కాలువలో పూడిక నెల రోజులు ఎక్కువ పేరుకుంటుంది. మూడు వారాలు ఎవరికీ తెలియదు. నాలుగో వారం మాకు తెలుస్తుంది, ఎందుకంటే వాళ్లు మా దగ్గరికే వస్తారు.

పాత సంగతి కొంచెం చెప్పాలి. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలైనప్పుడు రాష్ట్రం మొత్తం మీద పంచాయతీలకు నెలకు 339 కోట్లు ఇస్తామని అన్నారు. ఊరికో ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు వచ్చాయి. నేను ఆ పథకాన్ని ఎగతాళి చేయను. మొదటి రెండేళ్లు మా ఊళ్ల తిరుగుళ్లలో తేడా కళ్లారా చూశాను. చెత్త కుప్పలు తగ్గాయి, మురుగు కాలువలు పారాయి. కానీ చాలా ఊళ్లలో ఆ ట్రాక్టరు అప్పు మీద కొన్నదే. నెలనెలా వచ్చే నిధి సన్నగిల్లాక కిస్తీ మిగిలింది, డీజిలుకు డబ్బు మిగల్లేదు. పనులు చేయించిన సర్పంచులు సొంత డబ్బు పెట్టి, వడ్డీకి తెచ్చి, బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. పంచాయతీ కార్మికులు 2023 జులైలో సమ్మెకు దిగారు. వాళ్ల నెల జీతం అప్పటికి 9,500 రూపాయలు. అదీ నెలనెలా వచ్చేది కాదు.

ఆ తర్వాత వచ్చిన కష్టం ఇంకా పెద్దది. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది. కొత్త ఎన్నికలు జరగడానికి 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలు రావాల్సి వచ్చింది. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం నిధులు వచ్చేవి కావు, అది ముందే పెట్టిన షరతు. ఆ నిధిలో 60 శాతం వేరే దేనికీ వాడే వీలుండేది కాదు. సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. అంటే ఎన్నికలు ఆలస్యమైనందుకు ఆగిపోయింది ఊరేగింపుల డబ్బు కాదు, విగ్రహాల డబ్బు కాదు. తాగే నీళ్ల డబ్బు, కాలువల డబ్బు. ఒక వైపు రాష్ట్రం దగ్గర లేదు, మరో వైపు కేంద్రం ఇవ్వదు. మధ్యలో పంచాయతీ కార్యదర్శులు జేబులోంచి డీజిలు పోయించిన రోజులున్నాయి. వాళ్లలో చాలామంది పాతికేళ్లు, ముప్పై ఏళ్ల పిల్లలు. వాళ్లను తిట్టడం తేలిక.

ఇది ఒక్క తెలంగాణ జబ్బు అనుకోకండి. మన వంతెన దాటి నాలుగడుగులు వేస్తే ఆంధ్రప్రదేశ్. అక్కడ 2021లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద జమ కట్టుకున్నారని, ఖాతాలు చూసుకుంటే సున్నా కనబడిందని సర్పంచులు పార్టీలకు అతీతంగా గొడవ చేశారు. బకాయి నిజమే కావచ్చు. కానీ ఇంటి యజమానికి చెప్పకుండా బీరువా తెరిచి అప్పు తీర్చుకోవడం ఏం పద్ధతి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రాష్ట్రానికి కష్టం వస్తే పంచాయతీ కూడా కష్టం పంచుకోవాలి, సరే. కొత్త సిమెంటు రోడ్డు ఏడాది ఆగవచ్చు. పంచాయతీ భవనానికి రంగులు ఆగవచ్చు. స్వాగత ద్వారం ఎప్పటికీ కట్టకపోయినా నష్టం లేదు. కానీ తాగునీరు, క్లోరిన్, కాలువల పూడిక, చెత్త, ఆ పని చేసే మనుషుల జీతం, ఈ ఐదింటి డబ్బును ముట్టుకోకూడదు. ముఖ్యంగా ఊరివాళ్లు కట్టిన ఇంటి పన్ను, నల్లా బిల్లు ఆ ఊరి ఆస్తి. అది ట్రెజరీ ఖాతాలో ఉన్నంత మాత్రాన రాష్ట్రం డబ్బు అయిపోదు. పైన కటకట వచ్చినప్పుడు 'ఫ్రీజింగ్' అనే మాట వింటుంటాం. ఆ ఫ్రీజింగ్ సొంత పన్నుల ఖాతాకు వర్తించకూడదని చట్టంలోనే రాయాలి. మనం మందుల అలమరలో ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే మందుల ట్రే విడిగా పెట్టి తాళం వేస్తాం. స్టాకు ఎంత తక్కువైనా ఆ ట్రేలోంచి తీసి మామూలు వార్డుకు వాడం. ఇదీ అలాంటిదే.

మన సంఘాల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు గనుక అక్కడి సంగతి ఒకటి చెబుతాను, అంత సంపన్న దేశంలోనూ ఇదే జరిగింది. మిచిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అని సుమారు లక్ష జనాభా ఉన్న పట్టణం. కార్ల ఫ్యాక్టరీలు పోయి పన్నులు పడిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం తనకే డబ్బు చాలక పట్టణాలకు ఇచ్చే వాటా ఏళ్ల తరబడి కోస్తూ వచ్చింది. పట్టణం దివాలా అంచుకు వచ్చాక, ఎన్నికైన కౌన్సిలు చేతిలోంచి అధికారం తీసి ప్రత్యేక అధికారిని కూర్చోబెట్టింది. ఖర్చు తగ్గించడానికి 2014 ఏప్రిల్‌లో తాగునీటిని పెద్ద సరస్సు నీటి నుంచి పక్కనే ఉన్న ఫ్లింట్ నదికి మార్చారు. పాత పైపులు తినివేయకుండా నీటిలో కలపాల్సిన రసాయనం కలపలేదు. దానికి రోజుకు సుమారు వంద డాలర్లు అయ్యేదని తర్వాత లెక్కగట్టారు. పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లు సీసాల్లో పట్టుకుని వెళ్లి చూపించినా నీళ్లు బాగానే ఉన్నాయని ఏడాది పైగా చెప్పారు. చివరికి మోనా హన్నా అట్టీషా అనే పిల్లల డాక్టరు, తన ఆసుపత్రిలో తీసిన పిల్లల రక్త పరీక్షల లెక్కలు 2015 సెప్టెంబరులో పత్రికల ముందు పెట్టింది. అక్టోబరులో నీటిని మళ్లీ పాత చోటికి మార్చారు. అప్పటికే ఊరిని ఒక రకం న్యుమోనియా కూడా చుట్టుముట్టింది, కనీసం 12 మంది చనిపోయారు. బాధితులకు పరిహారం కింద ఒప్పుకున్న మొత్తం 60 కోట్ల డాలర్లు దాటింది.

రోజుకు వంద డాలర్ల రసాయనం అక్కడ. పావు కిలో బ్లీచింగ్ ఇక్కడ.

అదే దేశంలో కాలిఫోర్నియాలో ఇంకో తీరు. 2009లో రాష్ట్ర బడ్జెట్ కుప్పకూలితే, పట్టణాలకు, కౌంటీలకు రావాల్సిన ఆస్తి పన్నులో 8 శాతం, దాదాపు 200 కోట్ల డాలర్లు, రాష్ట్రం బదులు తీసుకుంది. ఊరికే కాదు, వడ్డీతో మూడేళ్లలో తిరిగి ఇవ్వాలన్న షరతు మీద. 2004లోనే జనం ఓటు వేసి ఆ షరతు పెట్టుకున్నారు కాబట్టి కనీసం అది బదులుగా మిగిలింది. అయినా ఊళ్లవాళ్లకు కోపం వచ్చింది. 2010 నవంబరులో మళ్లీ ఓటు వేసి, ఇక ముందు అలా బదులు కూడా తీసుకోవద్దని కట్టడి చేశారు. దాని వల్ల అక్కడ కష్టాలన్నీ తీరాయని చెప్పను. కానీ ఊరి డబ్బు ఊరిదే అన్న మాట కాగితం మీదికి ఎక్కింది.

మన దేశంలో కేరళను చూడండి. అక్కడ ఏ పంచాయతీకి ఎంత వాటా అన్నది రాష్ట్ర బడ్జెట్‌తో పాటు అనుబంధ పుస్తకంగా అచ్చు వేస్తారు. కోత పడ్డా ఎంత పడిందో అందరికీ కనిపిస్తుంది. మన దగ్గర రాష్ట్ర ఆర్థిక సంఘం ఉంది. రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లకోసారి వేసి, ఊళ్లకు ఎంత వాటా ఇవ్వాలో చెప్పించాలి. 2024 ఫిబ్రవరిలో సిరిసిల్ల రాజయ్య అధ్యక్షుడిగా కొత్త సంఘాన్ని నియమించారు. ఆ సంఘం ఇచ్చే సిఫారసులు బీరువాలో పెట్టకుండా, పంచాయతీల వారీగా వాటా అచ్చు వేసి గోడకు అంటించమని మన ఎమ్మెల్యేలను అడగాలి.

ఇక మన సారపాక సంగతి. పేరుకు పంచాయతీ గానీ చూడ్డానికి పట్టణమే. 1979 నుంచి కాగితపు మిల్లు ఉంది, బస్సులు, లాడ్జీలు, హోటళ్లు, భద్రాచలం వెళ్లే యాత్రికుల రద్దీ. పట్టణమంత చెత్త వస్తుంది, పట్టణమంత మురుగు పారుతుంది. కానీ మునిసిపాలిటీ చేయడం అంత తేలిక కాదు, మనది ఏజెన్సీ. మునిసిపాలిటీలకు సంబంధించిన రాజ్యాంగ భాగం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదు. పక్కనే మణుగూరును మునిసిపాలిటీ చేశారు, ఎన్నికైన కౌన్సిలు లేకుండా ఏళ్లు గడిచిపోయాయి. గిరిజనుల హక్కులకు రక్షణగా పెట్టిన నియమం అది, దాన్ని తీసేయమని నేను అనను. కానీ ఫలితం చూడండి, పట్టణం పని, పంచాయతీ జేబు.

2022 డిసెంబరులో భద్రాచలాన్ని మూడు పంచాయతీలుగా, సారపాకను రెండుగా విడదీస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు టీ బంకుల దగ్గర అందరూ సర్పంచి పదవుల గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఒకటే అనుమానం. పన్ను ఎక్కువగా వచ్చే ఇళ్లు, దుకాణాలు ఒక వైపు, వరదకు మునిగే పల్లపు వాడలు ఇంకో వైపు పడితే ఆ రెండో పంచాయతీ కాలువ పూడిక తీసేది దేనితో? ఊరిని ఎప్పుడు ఎలా విడదీసినా, కలిపినా, ముందు పన్నుల చిట్టా, కాలువల పటం పక్కపక్కన పెట్టి చూడాలి.

గీత మారితే సేవ ఎలా దెబ్బతింటుందో మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఎటపాక, పురుషోత్తపట్నం వైపు భూములన్నీ అటు పోయాయి. అంత పెద్ద యాత్రాస్థలానికి చెత్త పారబోసుకోవడానికి జాగా లేకుండా పోయింది. చెత్త గోదావరి గట్టు చేరింది. రాష్ట్రాలు పంచుకున్నవాళ్లు ఎవరూ చెత్తను పంచలేదు.

వరదల సమయం గుర్తు చేసుకోండి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నీళ్లు తీశాక ఇళ్లలో మోకాలి లోతు బురద, చచ్చిన కోళ్లు, తడిసిన బియ్యం వాసన. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. ఆ బురద ఎత్తింది ఎవరు? పారిశుద్ధ్య కార్మికులు. పారలు, బ్లీచింగ్, సున్నం పట్టుకుని వాడవాడా తిరిగింది వాళ్లే. తర్వాతి నెలల్లో మనం భయపడినంతగా జబ్బులు రాలేదంటే అందులో మా గొప్ప కొంతే. వరద వచ్చాక డబ్బు విదిల్చడం కన్నా, రాని ఏడాది కూడా ఆ మనుషులను జీతంతో నిలబెట్టుకోవడం చవక.

ఒక చిన్న సవరణ కూడా ఇక్కడే చేయాలి. అన్ని జ్వరాలూ పంచాయతీ పాపమే అని నేను చెప్పడం లేదు. డెంగ్యూ దోమ మురుగు కాలువలో పెరగదు. మన కూలర్లో, కొబ్బరి చిప్పలో, డాబా మీద పాత టైరులో నిలిచిన శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం శుక్రవారం నీళ్ల పాత్రలన్నీ బోర్లించమనేది. అది మన పని. దానికి ఏ నిధీ అక్కర్లేదు.

ఇప్పుడు మన వైపు తప్పు కూడా ఒప్పుకుందాం. ఇంటి పన్ను కట్టే విషయంలో మనలో ఎంతమంది సరిగ్గా ఉన్నాం? కారోబారు ఇంటికి వస్తే "మళ్లీ నెల రా అన్నా" అని పంపేస్తాం. పట్టా మార్పిడికో, కరెంటు మీటరుకో రసీదు కావాల్సి వచ్చినప్పుడు పరుగెత్తుతాం. పంచాయతీ పైవాడి ముందు చేయి చాచకుండా నిలబడాలంటే దానికి సొంత రాబడి ఉండాలి. కోతల కాలంలో నిలబడగలిగేది అదే. ప్రార్థన స్థలాలకు ఇంటి పన్ను మినహాయింపు ఉంది, అది చట్టం ఇచ్చింది. కానీ మన కాంపౌండు బయట కాలువ శుభ్రం చేసేది, మన క్వార్టర్ల చెత్త ఎత్తేది పంచాయతీ మనుషులే. (సూదులు, కట్లు లాంటి ఆసుపత్రి వ్యర్థాలు వేరే పద్ధతిలో వేరే బండిలో పోతాయి, అవి ట్రాక్టరులో వేయరు. అది అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక రాస్తున్నాను.) మినహాయింపు ఉన్నా సరే, వాడుకున్న నీటికి, ఎత్తిన చెత్తకు రుసుము కట్టడానికి మన సంస్థలు, సంఘాలు ముందుకు రావాలని నా మాట. పన్ను ఎవరికి చెల్లించాలో వారికి చెల్లించమన్న బోధ మనకు కొత్తది కాదు. కమిటీలో కొందరికి ఈ మాట నచ్చదని తెలుసు.

మిల్లు గురించి కూడా ఒక మాట. కంపెనీలు ఊళ్లకు మేలు చేస్తాయి, చేయాలి కూడా. కానీ పన్ను పన్నే, దానం దానమే. దానం ఇచ్చేవాడు ఈ ఏడు ఇచ్చి వచ్చే ఏడు మానవచ్చు. పన్ను అలా కాదు, అడిగే హక్కు ఊరికి ఉంటుంది. మిషను ఆసుపత్రిలో పని చేస్తూ ఈ మాట అంటున్నాను, దానాల మీద నడవడం ఎలా ఉంటుందో మాకు తెలుసు గనుక. 2025 సెప్టెంబరులో ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామన్నప్పుడు, బిల్లు వస్తుందో రాదో తెలియని బతుకు ఎలాంటిదో రోగులకు కూడా తెలిసింది. పంచాయతీ కార్మికుడిది ఏటా అదే బతుకు.

డబ్బు కట్టాక లెక్క అడగాలి. ఏజెన్సీ ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇందులో బయటివాళ్లకు లేని ఒక బలం ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం పంచాయతీ పథకాలకు, పనులకు ఖర్చు పెట్టిన నిధులు సరిగ్గా వాడారని గ్రామసభ ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ మనం ఇవ్వాల్సింది. చాలాచోట్ల రిజిస్టరు ఇంటికి తెచ్చి వేలిముద్ర వేయించుకుపోతారు. వేయకండి. సభలో చదివి వినిపించాకే వేయండి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఫోను ఉన్న పిల్లలు ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పంచాయతీ పేరు కొట్టి ఏ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయిందో చూడవచ్చు. చూసి మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులు, వార్డు మెంబర్లలో మన దగ్గర పురుడు పోసుకున్నవాళ్లు, మందులు తీసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద పాత బాకీల మూట ఉంది, అది నాకు తెలుసు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలి చేతికి అత్తవారి అప్పుల చిట్టా ఇచ్చినట్టుంది వాళ్ల పని. వాళ్లను గ్రామసభలో నిలదీయమని కాదు, వాళ్లతో కలిసి పైవాళ్లను అడగమని నేను చెప్పేది. అడగాల్సినవి పెద్ద ప్రశ్నలు కావు. ఈ నెల ట్యాంకుల్లో బ్లీచింగ్ ఎన్ని రోజులు వేశారు? బస్తాలు ఎన్ని ఉన్నాయి? పంపు నడిపే మనిషికి, కాలువ తీసే మనుషులకు ఏ నెల దాకా జీతం ముట్టింది? ట్రెజరీలో ఆగిన చెక్కులు ఎన్ని, ఏ తేదీ నుంచి? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి సభ మినిట్స్‌లో ఎక్కించండి. మీ సభలో ఎక్కించిన నకలు ఒకటి మాకు ఇస్తే, మండల స్థాయిలో మేము కూడా ఒక దరఖాస్తు పెడతాం.

నీటిలో క్లోరిన్ చూసే చిన్న పరీక్ష పెట్టె మన ఆసుపత్రి ఊళ్ల విభాగం దగ్గర ఉంది. నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టు. ఖర్చు లేదు. మీ వాడ కుళాయి నీళ్లు చూపించాలనుకుంటే సీసాలో పట్టి తేవద్దు, దారిలోనే క్లోరిన్ పోయి లెక్క తప్పుతుంది. ఓపీ కౌంటరు దగ్గర మీ ఊరి పేరు, నీళ్లు వదిలే వేళ రాసి పెట్టండి. తెల్లవారి నీళ్లయినా సరే, ఆ వేళకే వస్తాం.